కోకో కాయకుళ్ళు: పాదులో వేసే ఎరువుకూ కాయమీద మచ్చకూ ఉన్న లంకె

జూలై నెలలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టి, నాలుగో రోజు కాస్త తెరిపి ఇచ్చినప్పుడు కోకో తోటలోకి వెళ్ళాలంటే నాకు ఇప్పటికీ కొంచెం బెరుకే. కొబ్బరి మట్టల మీది నుంచి చుక్కలు ఇంకా రాలుతూనే ఉంటాయి. కింద పరుచుకున్న ఆకు మీద అడుగు వేస్తే నీరు చిమ్ముతుంది. చెట్టు బోదెను అంటిపెట్టుకుని ఉన్న కాయల్లో ఏదో ఒకదాని తొడిమ దగ్గరో, కొన మీదో గోరంత గోధుమరంగు మచ్చ కనబడుతుంది. వేలితో నొక్కితే ఆ చోటు మెత్తబడకుండా గట్టిగానే ఉంటుంది కాబట్టి, మొదటి ఏడాది దాన్ని ఎండదెబ్బ అనో పురుగు కాటు అనో అనుకుని వదిలేశాను. మూడు రోజులకు అది రూపాయి బిళ్ళంత అయింది, వారానికి అరచేయంత అయింది, రెండు వారాలు తిరిగేసరికి కాయంతా నల్లబడి పైన పిండి చల్లినట్టు తెల్లటి బూజు లేచింది. దాన్ని ఆనుకుని ఉన్న కాయకు కూడా సరిగ్గా ఆనిన చోటనే కొత్త మచ్చ మొదలైంది.

మా తోట ఏలూరు జిల్లా మెట్టలో ఉంది. మూడెకరాల కొబ్బరిలో అంతరపంటగా కోకో వేశాము. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ మొదటిది కాబట్టి, మా చుట్టుపక్కల ఈ తెగులు చూడని రైతు లేడు, దానికి ఏ మందు కొట్టాలో చెప్పని దుకాణమూ లేదు. అయితే చెట్టుకు పెట్టే ఎరువుకూ కాయకు వచ్చే తెగులుకూ సంబంధం ఏమిటని అడిగితే మాత్రం జవాబులు రెండు రకాలుగా వస్తాయి: అసలు సంబంధమే లేదనే జవాబు ఒకటి, ఫలానా డబ్బా కొడితే తెగులు మాయమవుతుందనే జవాబు మరొకటి. కొన్నేళ్ళుగా చేతులు కాల్చుకుంటూ, చదువుకుంటూ నాకు తేలినది ఈ రెండింటికీ మధ్యన ఎక్కడో ఉంది. పోషకం తెగులును చంపదు. కానీ తిండి సమంగా అందిన చెట్టు కాయ మీద మచ్చ నెమ్మదిగా పాకుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఎరువు పేరుతో మనం చేసే కొన్ని పనులే తెగులుకు దారి వేస్తున్నాయి.

ముందుగా తెగులు సంగతి. దీని కారకం ఫైటోఫ్తోరా పాల్మివోరా. పైనున్న కొబ్బరిలో మొవ్వుకుళ్ళు తెచ్చేదీ ఇదే. వాడుకలో మనం దీన్ని శిలీంధ్రం అంటాము గానీ, శాస్త్రజ్ఞులు దీన్ని అసలైన శిలీంధ్రాల వరుస నుంచి ఎప్పుడో తప్పించి నీటి నాచులకు దగ్గరి బంధువుగా లెక్కిస్తున్నారు. ఇది పేరు గురించిన తగాదా కాదు, రైతు జేబుకు సంబంధించిన విషయం. శిలీంధ్రాల కణగోడల్లో ఉండే కైటిన్ దీనిలో ముఖ్యమైన పదార్థం కాదు, దాని శరీర నిర్మాణమే వేరు. శిలీంధ్రాలకు కొట్టే కార్బండజిమ్ వంటి మందులు దీని మీద పనిచేయవు. మా ఊళ్ళో కోకో కాయకుళ్ళుకు కార్బండజిమ్ కొట్టిన డబ్బంతా వాన నీటిలో కలిసినట్టే. పైగా ఇది ఈదుతుంది. వాన పడి కాయ మీద పలుచని నీటి పొర నిలిచినప్పుడు, దాని బీజాల తిత్తులు పగిలి, రెండేసి తోకలున్న ఈదే బీజాలు బయటికి వస్తాయి. అవి ఆ నీటి పొరలోనే కొంత దూరం ఈది, తోకలు వదిలేసి, కాయ తొక్కకు అతుక్కుని లోపలికి దిగుతాయి. కాబట్టి కాయ తడిగా ఎంతసేపు ఉందన్నదీ, తొక్క ఎంత గట్టిగా ఉందన్నదీ, ఆ నీటి పొరలో ఏ ఖనిజాలు కరిగి ఉన్నాయన్నదీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఖనిజ పోషకాలకు ఈ కథలో చోటు దొరికేది ఇక్కడే.

అసలు విషయంలోకి వెళ్ళేముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఒక దుకాణంలో పొటాషియం ఫాస్ఫోనేట్ డబ్బా చేతికిస్తూ, "ఇది మందు కాదండీ, పోషకమే. భాస్వరం, పొటాష్ రెండూ ఉంటాయి. దేని మీదైనా కొట్టుకోవచ్చు" అన్నారు. పోషకమే కదా అన్న ధీమాతో, బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపి చేసే రాగి మందు) కొట్టిన నాలుగో రోజునే దాన్ని పిచికారీ చేశాను. వారం తిరక్కుండా లేత ఆకుల అంచులు మాడి చుట్టుకుపోయాయి, పిందెల తొక్క మీద తుప్పు మరకల్లాంటి చుక్కలు లేచాయి. ఫాస్ఫోనేట్ ద్రావణం పులుపు గుణం కలది. ఆకు మీద బోర్డో పొరలో కరగకుండా నిలిచి ఉన్న రాగిని అది కరిగిస్తుంది, కరిగిన రాగి ఒక్కసారిగా ఆకులోకి దిగి కాలుస్తుంది. ఇది నాకు తరువాత తెలిసింది. తెలియని రోజున ఎండ ఎక్కువై మాడిందని సరిపెట్టుకున్నాను.

ఆ డబ్బా మీద పోషకమని ఉన్నా, ఫాస్ఫోనేట్‌ను పోషకంగా లెక్క వేయడం తప్పు. దానిలో భాస్వరం ఉన్న మాట నిజమే, కానీ చెట్టు దాన్ని మామూలు భాస్వరంగా మార్చుకుని వాడుకోలేదు. భాస్వరం కొరత ఉన్న మొక్కకు దాన్ని ఇస్తే కొరత తీరకపోగా, ఇంకా ముదురుతుంది. అది చేసే మేలు వేరు. ఫైటోఫ్తోరా ఎదుగుదలను నేరుగా అణచడమే కాకుండా, చెట్టు తనను తాను కాపాడుకునే పనిని త్వరగా మొదలుపెట్టేలా చేస్తుంది. పపువా న్యూ గినియాలోనూ, ఘానాలోనూ కోకో బోదెకు చిన్న రంధ్రం చేసి ఫాస్ఫోనేట్‌ను లోపలికి ఎక్కించి చూశారు. చెట్టు లోపల అది పైకీ కిందికీ రెండు వైపులా పయనిస్తుంది కాబట్టి, వానకు కడుక్కుపోయే సమస్య లేకుండా కాయకుళ్ళునూ, బోదె మీద వచ్చే పుండునూ తగ్గించింది. అందువల్ల నేను దాన్ని తీసిపారేయడం లేదు. మందుగా లెక్క వేసి, మందుకు ఇచ్చే జాగ్రత్త ఇచ్చి, బోర్డోకూ దానికీ మధ్య కనీసం మూడు వారాల ఎడం పెట్టి వాడుతున్నాను. నా ఎరువుల లెక్కలో మాత్రం దానికి చోటు లేదు.

ఇక నిజమైన పోషకాల్లో మొదట చెప్పుకోవలసినది నత్రజని, అదీ ఎక్కువైన నత్రజని. 2024లో ఎండు కోకో గింజలు కిలో వెయ్యి రూపాయల చుట్టుపక్కల పలికినప్పుడు మా ప్రాంతంలో అందరికీ కోకో మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది, ఆ ప్రేమ యూరియా రూపంలో బయటపడింది. డ్రిప్పు ద్వారా వారం వారం యూరియా వదిలిన తోటలు చూడటానికి కన్నుల పండుగగా ఉండేవి. ఆకులు చేటలంత, నీటి పిలకలు నిలువెత్తు, గొడుగు కింద నడుస్తున్నట్టు దట్టమైన నీడ. ఆ వర్షాకాలంలో ఆ తోటల్లోనే కాయలు ఎక్కువ నల్లబడ్డాయి. నత్రజని ఎక్కువైతే కణగోడలు పలుచబడతాయి, రసంలో అమినో ఆమ్లాలు పేరుకుని తెగులుకు సిద్ధాన్నంగా ఉంటాయి, తెగులును ఎదుర్కొనే ఫినాల్ జాతి పదార్థాల తయారీ తగ్గుతుంది. వీటన్నిటినీ మించి, దట్టమైన ఆకు కింద గాలి ఆడక వాన వెలిసిన తరువాత కూడా కాయ గంటల తరబడి తడిగానే ఉంటుంది. ఈదే బీజాలకు అంతకంటే కావలసింది లేదు.

నీడలో పెరిగే కోకోకు అంత నత్రజని అవసరం లేదనడానికి ఆఫ్రికాలో పాత సాక్ష్యం ఉంది. ఘానాలోని టాఫో పరిశోధన కేంద్రంలో 1950ల చివర మొదలుపెట్టి చాలా ఏళ్ళు నడిపిన ప్రయోగంలో, నీడ తీసేసిన చెట్లు ఎరువుకు బాగా స్పందించాయి, నీడ కింద ఉన్న చెట్ల స్పందన కొద్దిగానే ఉంది. ఆ దేశంలో కోకో కోసమే ప్రత్యేకంగా అమ్మే ఒక ఎరువు బస్తా మీద నత్రజని అంకె సున్న. భాస్వరం 22, పొటాష్ 18, వాటితోపాటు కాల్షియం, మెగ్నీషియం, గంధకం ఉంటాయి. మన కొబ్బరి నీడ వాళ్ళ అడవి నీడతో సమానం కాదు కాబట్టి మనం సున్నకు దిగనక్కరలేదు. నత్రజని మరీ కరువైనా ఆకు రాలి, కొమ్మ కొనలు ఎండి, కాయలకు ఎండ తగిలి అదొక కొత్త తంటా అవుతుంది. మన దేశంలో మూడేళ్ళు దాటిన కోకో చెట్టుకు ఏడాదికి చేస్తున్న సిఫారసు 100 గ్రాముల నత్రజని, 40 గ్రాముల భాస్వరం, 140 గ్రాముల పొటాష్. అంటే నత్రజని కంటే పొటాష్ ఎక్కువ. కానీ మన పొలాల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

ఆ గ్రాములను బస్తాల్లోకి మార్చి చూస్తే విషయం ఇంకా సులువుగా బోధపడుతుంది. 100 గ్రాముల నత్రజనికి సుమారు 217 గ్రాముల యూరియా, 40 గ్రాముల భాస్వరానికి 250 గ్రాముల సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్), 140 గ్రాముల పొటాష్‌కు 233 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావాలి. మా తోటలో ఎకరాకు రెండు వందల కోకో చెట్లున్నాయి కాబట్టి, ఎకరాకు ఏడాదికి 45 కిలోల యూరియా బస్తా ఒకటి, 50 కిలోల సూపర్ బస్తా ఒకటి, 50 కిలోల పొటాష్ బస్తాలో అడుగున కొంచెం మిగిలేటంత. ఇంత చిన్న లెక్క. దీన్ని వేసవి చివర ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి రెండు భాగాలుగా వేస్తే సరిపోతుంది. బాగా కాసే చెట్లకు ఇంతకు రెట్టింపు దాకా ఇవ్వవచ్చునంటారు. ఆ నిష్పత్తి మాత్రం మారదు. కొబ్బరికి వేసిన ఎరువులో కోకో వాటా తీసుకుంటుందిలే అని దానికి విడిగా వేయని వాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. కొబ్బరి చెట్టొకటే ఏడాదికి 1200 గ్రాముల పొటాష్ కోరుకుంటుంది. దాని పాదులో వేసింది దానికే చాలదు.

పొటాషియం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కోకోలో అది ఎక్కడుందో చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. పొటాషియం చాలినంత ఉన్న మొక్కలో చక్కెరలు పిండిపదార్థంగా, అమినో ఆమ్లాలు మాంసకృత్తులుగా సజావుగా మారతాయి. అది తక్కువైతే ఆ మార్పిడి సగంలో ఆగి, సులువుగా జీర్ణమయ్యే పదార్థాలు రసంలో నిలిచిపోతాయి. తెగులు లోపలికి దిగీ దిగగానే దానికి భోజనం సిద్ధంగా ఉంటుంది. వేసవిలో నీటి ఎద్దడిని తట్టుకోవడానికీ పొటాషియమే దన్ను. మార్చి నుంచి మే దాకా ఎండకు నలిగిన చెట్ల మీద కాయలు మసిబొగ్గులా నల్లబడి పొడి రాలే ఇంకొక కుళ్ళు వస్తుంది. అది ఫైటోఫ్తోరా పని కాదు, లాసియోడిప్లోడియా అనే అసలైన శిలీంధ్రం పని, బలహీనపడిన చెట్టునూ గాయపడిన కాయనూ వెతుక్కుని వస్తుంది.

చెట్టు తీసుకున్న పొటాషియంలో చాలా భాగం గింజలోకి వెళ్ళదు, తొక్కలోకి వెళుతుంది. కాయ బరువులో దాదాపు ముప్పావు వంతు తొక్కే. ఎండబెట్టిన తొక్కలో నూటికి మూడు పాళ్ళకు పైగా పొటాషియం ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో ఆడవాళ్ళు కోకో తొక్కను కాల్చి ఆ బూడిద నీటితో నల్ల సబ్బు వండుతారంటే, దానిలో ఎంత పొటాష్ క్షారం ఉందో ఊహించుకోవచ్చు. వెయ్యి కిలోల ఎండు గింజలు తోట దాటి వెళితే వాటితో పోయే పొటాషియం సుమారు 10 కిలోలే. తొక్కలు కూడా బయటికి పోతే ఆ నష్టం కొన్ని రెట్లు అవుతుంది. మరి మనం తొక్కలను ఏం చేస్తున్నాము? కాయలు కొట్టే చోట గట్టు పక్కన గుట్టగా పోసి వదిలేస్తున్నాము. అక్కడ రెండు నష్టాలు ఒకేసారి జరుగుతున్నాయి. పొటాషియం నీటిలో తేలికగా కరిగే పోషకం కాబట్టి నాలుగు వానలకు అది గుట్ట కిందికే కారిపోయి, ఎక్కడ కావాలో అక్కడికి చేరదు. ఆ గుట్టలోనే కుళ్ళిన కాయల తొక్కలు కూడా కలిసి ఉండటం వల్ల, వాన చినుకు పడిన ప్రతిసారీ బీజాలు చిమ్మి పక్కనున్న చెట్ల కింది కాయలకు అంటుకుంటాయి. చీమలు, ఎలుకలు వాటి వంతు సాయం అవి చేస్తాయి. అంటే తోటలో పొటాష్ గనీ, తెగులు గనీ ఒకటే గుట్ట.

దీనికి నేను చేస్తున్నది పెద్ద విద్య ఏమీ కాదు. మచ్చ పడిన కాయలను వానాకాలంలో వారానికోసారి కోయించి, వాటిని తొక్కల్లో కలపకుండా తోట బయట గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్పిస్తున్నాను. మంచి కాయల తొక్కలను కత్తితో ముక్కలు చేయించి, పశువుల పేడ, కొబ్బరి చెత్త పొరలు పొరలుగా వేసి, పైన తాటాకు కప్పించి కుళ్ళబెడుతున్నాను. కప్పు లేకపోతే పొటాషియం వానకు కారిపోతుంది కాబట్టి ఆ తాటాకే ఇక్కడ ఖరీదైన వస్తువు. కుప్ప లోపల చెయ్యి పెడితే చురుక్కుమనేటంత వేడి పుట్టి, అది కొన్ని రోజులు నిలిచి, ఒకటి రెండు సార్లు తిరగవేస్తే, పొరపాటున కలిసిన ఒకటీ అరా కుళ్ళు ముక్కల్లోని తెగులు కూడా చస్తుంది. నాలుగైదు నెలలకు నల్లటి ఎరువు చేతికి వస్తుంది.

అయితే పొటాష్ మంచిదని విని బస్తాలకు బస్తాలు గుమ్మరిస్తే కొత్త ముప్పు వస్తుంది. వేళ్ళ దగ్గర పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ఒకే గుమ్మం దగ్గర నిలబడిన ముగ్గురు మనుషుల్లాంటివి. ఒకరు అడ్డంగా నిలబడితే మిగతా ఇద్దరూ లోపలికి రాలేరు. కాయకుళ్ళు విషయంలో ఆ ముగ్గురిలో కాల్షియాన్ని బయట నిలబెట్టడం చాలా పెద్ద పొరపాటు.

మా వీధిలో ఒక బాబాయిగారు ఉన్నారు. నేను సూక్ష్మ పోషకాల డబ్బాలు తెచ్చుకున్న రోజున ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, "ఒరేయ్ అబ్బాయ్, పాతకాలం గోడ ఎందుకు నిలబడిందిరా? ఇటుక వల్లనా, సున్నం వల్లనా?" అన్నారు. ఆయన చమత్కారానికి అన్నారు గానీ, ఆ మాట వృక్షశాస్త్రంలో అక్షరాలా నిజం. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది, దాన్ని గట్టిపరిచేది కాల్షియమే. ఇటుకల మధ్య సున్నపు గార ఎలాగో అదీ అలాగే. ఫైటోఫ్తోరా కాయలోకి దిగేటప్పుడు మొదట ఆ పెక్టిన్‌ను కరిగించే ఎంజైములను వదులుతుంది. కాల్షియం బాగా పట్టిన పెక్టిన్ వాటికి అంత తొందరగా లొంగదు. అంతేకాకుండా, నీటిలో కాల్షియం గాఢత పెరిగినప్పుడు ఫైటోఫ్తోరా జాతుల్లో ఈదే బీజాల విడుదల తగ్గుతుందని ప్రయోగశాలల్లో గమనించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వెన్నపండు (అవకాడో) తోటలను ఇదే కుటుంబానికి చెందిన ఇంకొక జాతి వేరుకుళ్ళుతో నాశనం చేస్తున్న రోజుల్లో, డోలమైటు (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి పొడి), కోళ్ళ ఎరువు, పచ్చిరొట్ట ఏళ్ళ తరబడి వేసిన ఒక తోట చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ మట్టిని 1970లలో పరీక్షించిన శాస్త్రజ్ఞులు తెగులును అణచే గుణం మట్టిలోనే ఉందని తేల్చారు. అక్కడ సున్నం ఒక్కటే కాదు, దానితోపాటు సేంద్రియ పదార్థమూ, దాని మీద బతికే సూక్ష్మజీవులూ కలిసి పనిచేశాయి.

కాల్షియంతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అది చెట్టులో నీటితోపాటు పైకి మాత్రమే వెళుతుంది, ఒకసారి ఆకులో చేరాక అక్కడి నుంచి కదలదు. ఆకు నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటుంది కాబట్టి కాల్షియం దానికే ఎక్కువ అందుతుంది. కాయ వదిలే ఆవిరి తక్కువ కాబట్టి దాని వాటా కూడా తక్కువే. అందువల్ల కాల్షియం నైట్రేట్‌ను ఆకుల మీద కొట్టి కాయకు చేరుతుందనుకోవడం పని జరగని ఆశ. కొడితే కాయ తడిసేలా కొట్టాలి, లేకపోతే వేరు ద్వారా నిలకడగా అందేలా చూడాలి. ఇదే కాల్షియం నైట్రేట్‌ను ఒకసారి భాస్వరం ఉన్న నీటిలో కరిగే ఎరువుతో కలిపి ట్యాంకులో పోశాను. పాలు విరిగినట్టు విరిగి నాజిళ్ళు మూసుకుపోయి, ఆ పూటంతా పిన్నుతో వాటిని పొడుచుకుంటూ కూర్చున్నాను.

మట్టిలో కాల్షియం ఎంతుందో చూద్దామని భూసార కార్డు తీస్తే అక్కడ ఇంకొక విశేషం. 2015లో మొదలైన ఆ కార్డులో పన్నెండు అంశాలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణ సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కాల్షియం లేదు, మెగ్నీషియమూ లేదు. వరి, పత్తి రైతుకు అది పెద్ద లోటు కాకపోవచ్చు, కోకో రైతుకు మాత్రం లోటే. ప్రస్తుతానికి ఉదజని సూచికను బట్టి అంచనా వేసుకోవడమే మార్గం. అది ఆరుకు దిగువన ఉంటే డోలమైటో, వ్యవసాయ సున్నమో వేసుకోవచ్చు. ఆరు దాటి ఉన్న నేలలో సున్నం వేస్తే జింకు, ఇనుము అందకుండా పోతాయి కాబట్టి, కాల్షియం కోసం జిప్సం మేలు. మా ఎర్ర నేల ఆరున్నర దగ్గర ఉంది. అందువల్ల జిప్సం వైపు మొగ్గాను. కోనసీమ నల్ల ఒండ్రు నేలల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ, వారికి ఈ ఖర్చు ఉండకపోవచ్చు.

ఇంకా చవకైన మార్పు ఒకటి ఉంది. నత్రజని, భాస్వరం ఉండే డీఏపీ మానేసి సూపర్‌కు మారడం. డీఏపీలో కాల్షియం ఉండదు, సూపర్‌లో నూటికి ఇరవై పాళ్ళ దగ్గర కాల్షియమూ, పదకొండు పాళ్ళ గంధకమూ ఉంటాయి. చెట్టుకు 250 గ్రాముల సూపర్ వేస్తే భాస్వరంతోపాటు 50 గ్రాముల కాల్షియం విడిగా కొనకుండానే పాదులోకి చేరుతుంది. డీఏపీ కోసం వరుసలో నిలబడే రైతులు పక్కనే ఉన్న సూపర్ బస్తా వైపు చూడకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. సూపర్ బరువు ఎక్కువ, మోత ఎక్కువ అన్నది ఒక్కటే నాకు తెలిసిన అభ్యంతరం.

ఖనిజాల మాట వచ్చినప్పుడు బోర్డో మిశ్రమాన్ని పక్కన పెట్టలేము, ఎందుకంటే అది రాగీ, కాల్షియమూ తప్ప మరేమీ కాదు. మైలుతుత్తం కిలో, కొత్త పొడిసున్నం కిలో, వంద లీటర్ల నీరు. చెప్పుకోవడానికి ఇంతే. కిటుకంతా చేయడంలోనే ఉంది. మైలుతుత్తాన్ని రాత్రే గుడ్డలో మూటకట్టి ప్లాస్టిక్ డ్రమ్ములోని సగం నీటిలో వేలాడదీస్తాను, తెల్లారేసరికి ఆకాశం రంగు నీళ్ళు తయారవుతాయి. ఇనుప పాత్ర వాడకూడదు. సున్నాన్ని రెండో డ్రమ్ములో మిగతా సగం నీటిలో కలిపి వడకట్టి, ఆ సున్నపు నీటిలోకి మైలుతుత్తం నీటిని సన్నటి ధారగా పోస్తూ ఒకరు కర్రతో కలుపుతూ ఉండాలి. పోసే వరుస తప్పితే మిశ్రమం ముద్దలు కట్టి ఆకుకు అంటదు. తరువాత మెరిసే కత్తి మొనను ఒక నిమిషం ముంచి తీయాలి. మొన మీద ఎర్రటి రాగి పూత కనబడితే రాగి ఇంకా విడిగా ఉన్నట్టు, ఇంకాస్త సున్నపు నీరు పోయాలి. కత్తి ముంచినట్టే తిరిగి వస్తే పిచికారీకి సిద్ధం. దాన్ని ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు. తొలకరికి ముందొకసారి, తరువాత వానల జోరును బట్టి పదిహేను, ఇరవై రోజుల ఎడంలో, ఆకులకంటే ముఖ్యంగా కాయలూ బోదె తడిసేలా కొట్టాలి. అయితే రాగి నేలలోకి దిగితే అక్కడే పేరుకుంటుంది, ఎటూ పోదు. వానపాములకు అది మంచిది కాదు. మచ్చ కాయలను వారం వారం తీయించడం మొదలుపెట్టాక నేను మూడు పిచికారీల నుంచి రెండింటికి దిగడానికి కారణం అదే.

మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పేది లేదు. సిలికాను తెగుళ్ళకు అడ్డుగోడ అనేది వరిలో నిజం, వరి మొక్క దాన్ని తన ఎండు బరువులో నూటికి పది పాళ్ళ దాకా కూడబెట్టుకోగలదు. కోకో అలా కూడబెట్టే జాతి కాదు. మన రైస్ మిల్లుల దగ్గర దొరికే ఊక బూడిదను పాదులో వేస్తే కొంత పొటాష్, కొంత క్షార గుణం దక్కుతాయి, అంతవరకు లాభమే. దాని వల్ల కాయకుళ్ళు ఆగుతుందని నేను చెప్పను. జింకు తక్కువైతే ఆకులు సన్నబడి కొడవళ్ళలా వంకర తిరుగుతాయి, బోరాన్ తక్కువైతే కాయలు వంకర పోతాయి. అవి కనబడినప్పుడు సరిచేసుకోవాలి గాని, కనబడకముందే అన్నీ కలిపిన సీసా కొట్టడం వృథా ఖర్చు.

ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. చిటికెన వేలంత పిందెలు పసుపు తిరిగి, తరువాత నల్లబడి, గట్టిగా ఎండి బోదెకు అలాగే వేలాడుతుంటే అది చాలామటుకు తెగులు కాదు. చెట్టు తాను మోయలేని పిందెలను తానే ఎండబెట్టుకుంటుంది. దానికి మందు కొట్టడమంటే ఆకలిగా ఉన్నవాడికి జ్వరం మాత్ర ఇవ్వడమే. కాయకుళ్ళు మచ్చ ఒక చోట మొదలై పాకుతుంది, పిందె ఎండు ఒళ్ళంతా ఒకేసారి వస్తుంది. ఈ తేడా పట్టుకుంటే ఏడాదికి ఒక పిచికారీ ఖర్చు మిగులుతుంది.

ఇంతా చేసి మా తోటలో కాయకుళ్ళు పోయిందా అంటే పోలేదు. గట్టు వైపు రెండెకరాల్లో తగ్గింది. మచ్చ పడిన కాయ కూడా లోపలి గింజ ముదిరేదాకా నిలబడి, కోసి కొడితే గింజలు బాగానే ఉంటున్నాయి. ముదిరిన కాయలో గింజలు తొక్క నుంచి విడివడి ఉంటాయి కాబట్టి మచ్చ నాలుగు రోజులు ఆలస్యంగా పాకినా ఆ కాయ దక్కినట్టే. పంటకాలువ వైపు పల్లంగా ఉన్న మూడో ఎకరంలో మాత్రం అదే సూపర్, అదే జిప్సం, అదే తొక్క ఎరువు వేసినా నిరుడు శ్రావణంలో కాయలు నల్లబడ్డాయి. అక్కడ వాన నీరు రెండేసి రోజులు నిలుస్తుంది. నిలిచిన నీటిలో వేరుకు ఊపిరి ఆడదు. ఊపిరి ఆడని వేరు పాదులో ఏమి వేసినా అందుకోలేదు.

అందుకే ఈ ఏడాది వేసవి ఎరువు కంటే ముందు ఆ ఎకరంలో అడుగున్నర లోతు మురుగు కాలువ తీయిస్తున్నాను. కొబ్బరి వేళ్ళు అడ్డం వచ్చి పని నెమ్మదిగా సాగుతోంది. కాలువ మట్టి పడిన చోట తాటాకు కప్పు తీసి చూస్తే నిరుటి తొక్కల కుప్ప సగానికి సగం దిగి, పొడిపొడిగా, వానపాములతో నిండి ఉంది. తట్టకు రెండు చెట్ల లెక్కన రేపటి నుంచి పాదుల్లో వేయించాలి.